హ్యాండోవర్ లిస్టులో లేని నోటుబుక్కు

సంపాదకుల వారికి నమస్కారం.

పనొచ్చినవాళ్లు దొరకడం లేదని బిల్డర్లు వాపోతున్నారని తరచూ చదువుతున్నాను. ఇరవై రెండేళ్లుగా సైట్లలో ఉన్నవాడిగా నాదొక ప్రశ్న: దొరికినప్పుడు వాళ్ల దగ్గర ఏం నేర్చుకుని దాచుకున్నారు?

హైదరాబాద్‌లో నేను చేసిన ఒక అపార్ట్‌మెంట్ సైటులో మూడు సెల్లార్లు. మొదటి వానకే రాఫ్టూ (అడుగున పోసే పునాది స్లాబు) గోడా కలిసేచోట నీళ్లు ఊరాయి, సందుల్లోకి సిమెంటు పాలు ఎక్కించే గ్రౌటింగ్‌తోనే మూడు నెలలు గడిచిపోయాయి. రెండో బ్లాకులో మా సీనియర్ రాఫ్టుతో పాటే గోడను ఓ అరడుగు ఎత్తు లేపి పోయించి, ఆ జాయింటులో నీళ్లను అడ్డుకునే పట్టీ, అదే వాటర్ స్టాపర్, పెట్టించాడు. చుక్క కారలేదు. ఆయన మరుసటి ఏడాది గల్ఫ్ వెళ్లిపోయాడు. మూడేళ్లకు అదే కంపెనీ, వేరే సైటు, మళ్లీ అదే జాయింటు, అవే నీళ్లు. గ్రౌటింగ్ చేసే అతను నన్ను చూసి నవ్వాడు: "మీ కంపెనీ చల్లగా ఉండాలి సార్, మాకు పని కరువుండదు!"

పదేళ్ల కిందటి సిమెంటు బిల్లు కావాలంటే ఆఫీసులో పది నిమిషాల్లో తీసిస్తారు. ఆ గోడ ఎందుకు కారిందో, ఎలా ఆగిందో మాత్రం ఏ ఫైల్లోనూ లేదు. ఉంటే గింటే ఎవరి ఫోన్లోనో వాట్సాప్ గ్రూపులో ఉండేది, ఆ ఫోనూ మారిపోయింది.

మేస్త్రీల సంగతి ఇంకా అన్యాయం. దేశమంతా డ్యాములు కట్టిన పేరు పాలమూరు లేబర్‌ది. అక్కడి మేస్త్రీ ఒకాయన కాంక్రీటు పోసే ముందు బాల్కనీ కమ్ముల మీద తానే అటూ ఇటూ నడిచేవాడు. గోడ బయటికి వేలాడే బాల్కనీకి మెయిన్ స్టీలు పైన ఉండాలి, లేబర్ తొక్కి కిందికి దిగిపోయిందంటే స్లాబు పగులుతుంది. తన కాలి కింద కమ్మి వంగితే చాలు, "ఇక్కడ ఇంకో రెండు కుర్చీలు పెట్టండి" అనేవాడు. కుర్చీలంటే పై కమ్మిని ఎత్తి నిలబెట్టే వంచిన కమ్మి ముక్కలు. ఏ డ్రాయింగులోనూ లేని పరీక్ష అది. కంపెనీ ఆయనకు చదరపు అడుగుల లెక్కన డబ్బిచ్చింది గానీ, ఒక్క మాట అడిగి రాసుకున్న పాపాన పోలేదు.

2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగాయి. ప్లానింగ్, డిజైన్, నాణ్యత పర్యవేక్షణ, నిర్వహణ, అన్నిట్లోనూ లోపాలున్నాయని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నివేదిక ఇచ్చింది. దాని మీద టీవీల్లో రాజకీయ నాయకులు రోజుల తరబడి కొట్టుకున్నారు. మా సైట్లలో దాన్ని ముందేసుకుని ఓ గంట మాట్లాడుకున్న ఇంజినీర్లు నాకైతే కనబడలేదు.

ఎందుకు రాయరంటే, భయం. పొరపాటు కాగితం మీద పెడితే జీతంలో రికవరీ. అందుకే కాంక్రీటులో గుల్లలు, మా భాషలో హనీకోంబ్, వస్తే రాత్రికి రాత్రి సిమెంటు పూసేస్తారు, పొద్దున రిజిస్టర్‌లో "సంతృప్తికరం". న్యాక్ (జాతీయ నిర్మాణ అకాడమీ) లాంటి చోట్ల శిక్షణ ఇస్తున్నారు, మంచిదే. కానీ సైటులో నోరు విప్పితే కోత పడుతుందంటే అక్కడ నేర్చుకున్నవాడైనా ఏం చేస్తాడు? స్లాబు పోయడం అయ్యాక మేస్త్రీనీ, ఫోర్‌మన్‌నీ, జూనియర్లనీ కూర్చోబెట్టి, కోతలు ఉండవని ముందే చెప్పి, జరిగింది తెలుగులో ఓ పేజీ రాయిస్తే కంపెనీకి ఖర్చయ్యేది గంట సమయం, నాలుగు టీలు.

నేను వచ్చే నెల ఈ సైటు వదిలి వెళ్తున్నాను. హ్యాండోవర్ లిస్టు ఇచ్చారు: ల్యాప్‌టాప్, లెవెల్ మిషను, రెండు హెల్మెట్లు, స్టోర్ తాళాలు. నా దగ్గరున్న నోటుబుక్కు ఎవరికివ్వాలో అందులో లేదు.

– ఓ సైట్ ఇంజినీరు, కూకట్‌పల్లి, హైదరాబాద్