ఐదు లెక్కకు మార్కులు కోస్తారా?

సంపాదకులకు నమస్కారం.

గత నెల బీచ్ రోడ్డులో జరిగిన పాఠశాలల బ్యాండు పోటీలో నేను నేర్పిన బడి అమ్మాయిలు ఖండ చాపులో, అంటే చుట్టుకు ఐదు లెక్కలుండే తాళంలో, ఒక బాణీ వాయించారు. న్యాయనిర్ణేతలు "అడుగు తప్పింది" అని రాసి మార్కులు కోశారు. నేను వాళ్ల పక్కనే నడిచాను. ఎవరి అడుగూ తప్పలేదు. బహుమతి రాలేదన్న ఉక్రోషంతో ఈ ఉత్తరం రాయడం లేదు. మొదటి బహుమతి తీసుకున్న బడి పిల్లలు నిజంగానే బాగా వాయించారు. కానీ మా వాళ్లకు చూపిన కారణం తప్పు.

మామూలు కవాతు బాణీలో తాళం ఒక చుట్టు తిరిగేసరికి రెండు గానీ నాలుగు గానీ అడుగులు పడతాయి. అందుకే బేస్ డ్రమ్ము పెద్ద దెబ్బ ఎప్పుడూ ఎడమ కాలి మీదే వినిపిస్తుంది. ఐదు లెక్కలో అలా కుదరదు. మొదటి చుట్టు ఎడమ కాలితో మొదలైతే రెండోది కుడి కాలితో మొదలవుతుంది. పదడుగులు పూర్తయ్యాక పెద్ద దెబ్బ మళ్లీ ఎడమకు వస్తుంది. ఏడు లెక్కల మిశ్ర చాపు అయితే పద్నాలుగు అడుగులు పడుతుంది. నిమిషానికి 120 అడుగుల నడకలో ఖండ చాపు ఒక చుట్టుకు రెండున్నర సెకన్లు. ఇంకో రెండున్నర సెకన్లు ఓపిక పట్టి ఉంటే అయ్యవార్లకు లెక్క సరిపోయేది.

ఇదేమీ మేము పుట్టించిన వింత కాదు. స్కాట్లండ్ పైప్ బ్యాండ్లు మూడు లెక్కలో రిట్రీట్ మార్చ్‌లు ఎన్నో ఏళ్లుగా నడుస్తూనే వాయిస్తున్నాయి. అక్కడా చుట్టు చుట్టుకూ కాలు మారుతుంది. అంత దూరం ఎందుకు? 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు గారు ఐదు తాళాలను ఏకకాలంలో వేసి చూపేవారని చెప్పుకునే ప్రాంతం మనది.

నేర్పడం మాత్రం తేలిక కాలేదు. ముందు వాయిద్యాలు పక్కన పెట్టించి, "తక తకిట" అని నోటితో పలికిస్తూ మైదానం చుట్టూ నడిపించాను. బేస్ డ్రమ్ము పిల్లకు అందరికంటే ఎక్కువ కష్టం. కుడి కాలి మీద దెబ్బ పడేసరికి ఒళ్లు ఒప్పుకోదు, తెలియకుండానే ఆరో అడుగు వేసి ఎడమను తెచ్చుకుంటుంది. అందుకని కొన్నాళ్లు పదో అడుగు అయ్యాక మాత్రమే కొట్టమన్నాను. నడుమనున్న దెబ్బ సైడ్ డ్రమ్ములు చూసుకున్నాయి. కాళ్లు కుదిరాక రెండో దెబ్బ చేర్చాం. ముందు కర్ర పట్టుకుని బ్యాండును నడిపించే డ్రమ్ మేజర్ అమ్మాయి కూడా ఆగమనే సైగను చుట్టు మధ్యలో ఇవ్వకూడదు, పది నిండేదాకా కర్ర దించకూడదు. పదో తరగతి పిల్లలు ఇదంతా ఎండలో సాధించారు.

ఒక అభ్యంతరం న్యాయమైనదే, ఒప్పుకుంటాను. బ్యాండు వెనుక దళాలు నడిచే కవాతులో ఐదు లెక్క పనికిరాదు. వాళ్లు బేస్ డ్రమ్ము విని ఎడమ కాలు వేస్తారు. పైగా శబ్దం సెకనుకు 340 మీటర్లే పోతుంది కనుక యాభై మీటర్ల వెనుకనున్న వరుసకు దెబ్బ దాదాపు మూడో వంతు అడుగు ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యానికి తోడు పెద్ద దెబ్బ కాలు కూడా మారిస్తే వరుస చెదిరిపోతుంది. జనవరి 26 కవాతులోనో, డిసెంబరు 4 నేవీ డే నాడో ఈ ప్రయోగం చేయమని నేనూ అనను. బ్యాండు ఒక్కటే నడిచే పోటీలో వెనుక ఎవరున్నారు చెదరడానికి?

నిర్వాహకులను కోరేది ఇంతే. న్యాయనిర్ణేతల్లో మృదంగమో డోలో తెలిసినవారిని ఒకరిని కూర్చోబెట్టండి. దరఖాస్తులో బాణీ పేరుకు గడి ఉంది, దాని పక్కన తాళం లెక్కకు ఇంకో గడి పెట్టండి. అది ఉంటే ఈసారే "5" అని రాసి ఇచ్చేవాళ్లం.

— ఒక విశ్రాంత బ్యాండు మాస్టరు,
మల్కాపురం, విశాఖపట్నం