గుల్మార్గ్ స్కీ బృందాలకు పరిమితి విధించండి: పర్యాటక అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారములు.

నేను పంపిన రెండు విజ్ఞప్తులకూ జవాబు రానందున పదిమంది ఎదుట రాస్తున్నాను. హైదరాబాదు నుంచి సెలవులకు కశ్మీరులోని గుల్మార్గ్‌కు, మంచుపై జారే స్కీ ఆటకు వచ్చిన మా పద్నాలుగు మందికి ఒక్కరే గైడ్. గొండోలా (కేబుల్ కారు) రెండో దశలో అఫర్వత్ కొండపైకి చేరాక, మంచులో కూరుకుపోయినవారి జాడ తెలిపే బీకన్ ఆయన ఒంటిమీద తప్ప ఎవరి దగ్గరా లేదని తెలిసింది. వెనకబడిన మా తమ్ముడు అరగంట తరువాత దొరికాడు, ఒక చేతికి తొడుగు లేదు. 2023 ఫిబ్రవరిలో ఆ కొండమీదే మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ దేశస్థులు మరణించారు.

నిషేధం కోరడం లేదు. గైడ్ల జీవనం మంచు కురిసే ఆ కొద్ది నెలల రాబడి మీదే. రక్షక సిబ్బంది గస్తీ లేని మంచు వాలులపైకి గైడుకు ఆరుగురిని మించి పంపరాదని, ప్రతి ఒక్కరికీ బీకన్, మంచు తవ్వే పార తప్పనిసరని వచ్చే సీజనుకు ముందే ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక పర్యాటకుడు