పళ్ల ఎక్స్‌రే పుట్టినతేదీ చెప్పదు

సంపాదకులకు నమస్కారం.

పుట్టినతేదీ కాగితం లేని పిల్లల గురించి రాసేటప్పుడు ‘పళ్ల స్కాన్ తీశారు, 18 దాటిందని తేలింది’ అని ఒక్క ముక్కలో ముగించే వార్తలు తరచూ కనిపిస్తున్నాయి. పిల్లల పళ్ల డాక్టర్‌గా రోజూ ఈ ఎక్స్‌రేలే చూస్తుంటాను కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను. పళ్లను చూసి వయసు అంచనా కట్టడం మంచి పద్ధతే, దానిమీద నాకు నమ్మకం ఉంది. కాకపోతే అది ఇన్నేళ్ల నుంచి ఇన్నేళ్ల లోపు ఉండొచ్చు అని మాత్రమే చెబుతుంది. ఆ రెండు చివరలూ వదిలేసి మధ్యలో ఉన్న అంకె ఒక్కటే పట్టుకుంటే నష్టపోయేది ఆ పిల్లో పిల్లాడో.

అసలు మేం ఏం చూస్తామో ముందు చెప్తాను. పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చిందా లేదా అన్నది పెద్దగా లెక్కలోకి రాదు, ఎందుకంటే పాలపన్ను తొందరగా పాడై ఊడిపోయినా, దవడలో చోటు చాలకపోయినా అది అటూ ఇటూ అయిపోతుంది. దవడ లోపల పన్ను ఎంతవరకు తయారైంది, వేరు ఎంతవరకు దిగింది అన్నది చూస్తాం. ఎక్కువమంది వాడే పద్ధతి 1973లో డెమిర్జియన్, గోల్డ్‌స్టీన్, టానర్ అనే ముగ్గురు ఇచ్చింది. కింది దవడలో ఎడమవైపు, జ్ఞానదంతం వదిలేసి ఏడు శాశ్వత దంతాలు తీసుకుని, ఒక్కోటి ఏ నుంచి హెచ్ వరకు ఉన్న ఎనిమిది దశల్లో ఎక్కడుందో గుర్తించి, దశను బట్టి మార్కులు వేసి, అన్నీ కలిపి వయసు చూసుకుంటాం. అమ్మాయిల పళ్లు కాస్త ముందుంటాయి కాబట్టి అబ్బాయిలకూ అమ్మాయిలకూ పట్టికలు వేరు.

పన్నెండేళ్ల ప్రాంతంలో బయటికి వచ్చే రెండో దవడపన్నే తీసుకోండి. మొదట్లో ఎక్స్‌రేలో దాని మొనలు మాత్రం విడివిడిగా తెల్లగా కనిపిస్తాయి. తర్వాత అవి కలిసి పైభాగం మొత్తం తయారవుతుంది, వేళ్లు చీలి కిందికి దిగడం మొదలవుతుంది, ఒక దశలో వేరు కొస గరాటులా వెడల్పుగా తెరుచుకుని ఉంటుంది, ఆ తర్వాత వేరు లోపలి గోడలు రెండూ సమాంతరంగా వచ్చి చివర సన్నటి నల్లని సందు మిగులుతుంది. అది జీ దశ. ఆ సందు మూసుకుపోతే హెచ్. తేడా అంతే, వెంట్రుకంత సందు! తల కాస్త పక్కకి తిరిగి ఫిల్మ్ మసగ్గా వచ్చినా, ఆ చోట ఇంకో నీడ పడినా, ఒక డాక్టర్ జీ అన్నదాన్ని ఇంకొకరు హెచ్ అంటారు. అందుకే ఇద్దరు విడివిడిగా చూసి రాయాలని అడుగుతాం.

చిన్నపిల్లల్లో ఈ పద్ధతి చాలా బాగా పనిచేస్తుంది. ఎనిమిది తొమ్మిదేళ్ల వయసులో ఒకేసారి ఎన్నో పళ్లు తలా ఒక దశలో ఎదుగుతూ ఉంటాయి కాబట్టి ఒకటి తప్పుదారి పట్టించినా మిగతావి సరిచేస్తాయి. పైగా తిండి సరిగా లేకపోవడం, జబ్బులు లాంటివి ఎముకల ఎదుగుదలను వెనక్కి లాగినంతగా పళ్లను లాగవు. అయినా ఒకే నెలలో పుట్టిన ఇద్దరు పిల్లల పళ్ల మధ్య ఏడాది తేడా కనిపించడం మామూలే, అందులో జబ్బేమీ ఉండదు.

పట్టిక ఎవరి పిల్లల్ని చూసి తయారుచేశారు అన్నది ఇంకో సంగతి. డెమిర్జియన్ వాళ్లు చూసింది కెనడాలోని ఫ్రెంచి మూలాలున్న పిల్లల్ని. అదే పట్టిక వేరే చోట్ల వాడితే చాలాసార్లు అసలు వయసు కంటే ఎక్కువ చూపించింది, అందుకే 2001లో విలెమ్స్ బృందం బెల్జియం పిల్లల కోసం మార్కులు మార్చుకుంది. వయసు ఎక్కువ చూపించడం అంటే పిల్లల్ని పెద్దవాళ్ల లెక్కలో వేయడమే కదా. రిపోర్టులో ఏ పట్టిక వాడారో లేకపోతే ఆ అంకెకు విలువేముంది? ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి, క్షణాల్లో 17.6 అని దశాంశంతో సహా ఇచ్చేస్తాయి. ఆ దశాంశం చూసి ఎంత ఖచ్చితమో అనుకుంటారు గానీ, అది ఏ పిల్లల ఎక్స్‌రేలతో నేర్చుకుందన్న ప్రశ్న దానికీ వర్తిస్తుంది.

అసలు చిక్కు 18 దగ్గర వస్తుంది. పదిహేను పదహారేళ్లకు ఆ ఏడు పళ్లూ దాదాపు పూర్తయిపోతాయి, ఇక ఎదుగుతూ మిగిలేది జ్ఞానదంతం ఒక్కటే. పళ్లన్నింటిలో మనిషికీ మనిషికీ ఎక్కువ తేడా ఉండేది దానికే. కొందరికి అది 18 నిండకముందే పూర్తవుతుంది, కొందరికి ఇరవై దాటాక కూడా కొస తెరుచుకునే ఉంటుంది, చాలామందికి ఒకటో రెండో జ్ఞానదంతాలు అసలు ఉండనే ఉండవు. అంచనా మూడు నాలుగేళ్లు అటూ ఇటూ కావచ్చు. ఇంకో మాట, పన్ను ఒకసారి పూర్తయితే జీవితాంతం హెచ్ దశలోనే ఉంటుంది. కాబట్టి ‘హెచ్ దశలో ఉన్నవాళ్ల సగటు వయసు ఇంత’ అని ఎవరైనా చెబితే, వాళ్లు తమ లెక్కలోకి ఎంత వయసువాళ్ల దాకా తీసుకున్నారో అడగండి. పాతికేళ్ల దాకా తీసుకుంటే ఒక సగటు, ముప్పై దాకా తీసుకుంటే ఇంకో సగటు. ఎదురుగా కూర్చున్న పిల్లాడి వయసు గురించి ఆ సగటు ఏమీ చెప్పదు.

ఈ పద్ధతి మొదలైంది పిల్లల్ని కాపాడటానికి. ఇంగ్లండ్‌లో తొమ్మిదేళ్లలోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టుకోకూడదని 1833లో చట్టం చేశారు గానీ వయసుకు రుజువు లేదు, ఎత్తు చూసి పంపేసేవాళ్లు. అప్పుడు ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు వెయ్యికి పైగా పిల్లల నోళ్లు పరీక్షించి, ఎత్తు కంటే పళ్లే నమ్మదగ్గవని 1837లో పార్లమెంటు ముందు పెట్టాడు. నేటికీ ఐదేళ్లలోపు పిల్లల్లో 15 కోట్ల మంది పుట్టుక ఎక్కడా నమోదు కాలేదని యునిసెఫ్ 2024లో లెక్క చెప్పింది. అంటే ఈ పరీక్ష అవసరం ఇప్పట్లో తీరదు. ఒక్క అంకె మీద ఒక పిల్ల పెళ్లి, ఒక పిల్లాడి జైలు, శరణు కోరి వచ్చినవాళ్లను పిల్లల మధ్య ఉంచాలా పెద్దల మధ్య ఉంచాలా అన్నది ఆధారపడి ఉన్నప్పుడు అనుమానం ఎప్పుడూ పిల్లల పక్షానే ఉండాలి.

అందుకని మీ విలేకరులకు నా మనవి. ఇలాంటి వార్త రాసేటప్పుడు రిపోర్టులో కింది హద్దు ఎంత, పై హద్దు ఎంత, ఏ పద్ధతి, ఎంతమంది చూశారు అని అడిగి రాయండి. ఈ ఎక్స్‌రే వైద్యం కోసం తీసేది కాదు, రేడియేషన్ తక్కువే అయినా పిల్లలకు ఎందుకు తీస్తున్నారో చెప్పి, ఒప్పుకున్నాకే తీయాలి. అలా చెప్పారా అని కూడా అడగండి.

కేసులు చూసే అధికారులకు, లాయర్లకు ఒక సలహా. కొత్త స్కాన్‌కి రాసే ముందు ఆ పిల్లలకి చిన్నప్పుడు పంటినొప్పికో, దెబ్బ తగిలో ఎక్కడైనా పళ్ల ఎక్స్‌రే తీశారేమో కనుక్కోండి. తేదీ ఉన్న పాత ఫిల్మ్ ఒక్కటి దొరికినా చాలు. ఎనిమిదేళ్ల కిందట తీసిన దాంట్లో వయసు తొమ్మిది ప్రాంతంలో ఉందని తేలితే దానికి ఎనిమిది కలుపుకోవచ్చు, ఇవాళ జ్ఞానదంతం చూసి చెప్పే దానికంటే అది చాలా దగ్గరగా ఉంటుంది.

ఇట్లు
ఒక పిల్లల దంతవైద్యురాలు