అద్దాల బీరువా తీసేస్తున్నాం

పోయిన నెల ఒక మధ్యాహ్నం మన అంగడికి ఒకాయన వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. అందులో ఆరు పాత చందమామలు, ఫాంటమ్, మాండ్రేక్ బొమ్మల కథలుండే ఇంద్రజాల్ కామిక్స్ నాలుగు. 2019లో మా దగ్గరే కొన్నవి. బిల్లు కూడా నలగకుండా దాచుకున్నాడు. 9,400 రూపాయలు. కూతురికి బెంగళూరులో ఇంజినీరింగు సీటొచ్చింది, హాస్టలుకు కట్టాలి.

“న్నా, అయిదేండ్లు పెట్టుకుంటే రెండింతలైతాయని నువ్వే చెప్పినావు గదా. రెండింతలేం వద్దులే, ఎంతొస్తే అంత ఇయ్యి” అన్నాడు.

లెక్క వేసి చూశాను. అంగడివాడిగా నేను ఇవ్వగలిగింది 3,000. ఆ మాట నోటికి రాలేదు. “రేపు రా సామీ” అని పంపించేశాను. ఆయన మెట్లు దిగాక గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఇన్నేళ్లలో ఎంతమందికి ఈ ‘రెండింతల’ మాట చెప్పానో గుర్తు చేసుకుందామని చూశాను. లెక్క తెగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

కొత్తవాళ్లకు రెండు ముక్కలు. తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక సందులో మాది పాత పుస్తకాల అంగడి. మా నాయన రోడ్డు పక్కన గోనెపట్ట పరిచి మొదలుపెట్టాడు. ఇంటర్ గైడ్లు, డిగ్రీ పుస్తకాలు, పోటీ పరీక్షల మెటీరియలు, ఇవే మాకు అన్నం పెట్టేవి. కామిక్స్ ఎప్పుడూ ఒక మూల కుప్పగా ఉండేవి. ఏది తీసుకున్నా అయిదు రూపాయలు. 2017లో నాకు తెలివి ఎక్కువై అద్దాల బీరువా ఒకటి చేయించి, మంచివన్నీ ఏరి అందులో పెట్టి తాళం వేశాను. అయిదు రూపాయల పుస్తకం వారం తిరక్కుండా అయిదు వందలైంది. పుస్తకంలో మార్పేమీ లేదు, తాళం వచ్చిందంతే.

ఆ తర్వాత 2024 ఏప్రిల్‌లో ఒక వార్త. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ ఒకటో సంచిక అమెరికాలో వేలంలో 60 లక్షల డాలర్లకు పోయింది. మన డబ్బుల్లో 50 కోట్లు. 1938లో దాని ధర పది సెంట్లు. ఆ వార్త కత్తిరించి బీరువా అద్దానికి అతికించింది నేనే. అద్దం వెనక మన పాత కామిక్స్, అద్దం మీద 50 కోట్లు. నేను నోరు తెరిచి అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేకపోయింది.

ఆ కాగితం పక్కన ఇంకో కాగితం కూడా అతికించి ఉండాల్సింది. ఆ సంచిక రెండు లక్షల కాపీలు అచ్చయితే ఇప్పుడు మిగిలినవి వంద దాకా ఉంటాయని అంచనా. మిగతావన్నీ పిల్లలు చదివి చింపేశారు, ఇల్లు సర్దేటప్పుడు పెద్దవాళ్లు పారేశారు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పాత కాగితాలు పోగుచేసినప్పుడు మూటలకు మూటలు పోయాయి. దాన్ని దాచాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. అందుకే ఆ ధర. పైగా ఆ అమ్ముడుపోయిన కాపీకి నాణ్యతలో పదికి 8.5 మార్కులు ఉన్నాయి. మార్కులు వేసి, పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇచ్చే కంపెనీ ఒకటి అక్కడ 2000 నుంచి పనిచేస్తోంది. అందరూ దాని మాట నమ్ముతారు. అదే పుస్తకం అట్ట ఊడి, పేజీలు లేచిపోయి ఉంటే ఈ ధరలో చిన్న ముక్కే వస్తుంది. చిత్తూరు నుంచి వచ్చే ఒక కుర్రాడు తన ఇంద్రజాల్ కామిక్కును కూడా అమెరికా పంపి మార్కులు వేయించమని అడిగాడు. పోను పోస్టు, రాను పోస్టు, వాళ్ల ఫీజు అన్నీ కలిపితే అది ఆ పుస్తకం ఖరీదును దాటేసింది. వద్దన్నాను. ఈ విషయంలో నేను సరిగ్గా చెప్పిన కొద్ది మాటల్లో అదొకటి.

దాచుకుంటే ఏమవుతుందో కూడా అమెరికా వాళ్లే చూపించారు. 1990ల మొదట్లో అక్కడ అందరికీ నాలాంటి తెలివే వచ్చింది. 1991లో ఎక్స్-మెన్ కొత్త వరస మొదటి సంచిక అయిదు రకాల అట్టలతో 80 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ మరుసటి ఏడాది సూపర్‌మ్యాన్ చనిపోయే సంచికను నల్ల కవరులో సీలు చేసి అమ్మారు. జనం రెండు మూడు కొని, ఒక్కటీ విప్పకుండా, పిల్లల చదువులకు పనికొస్తాయని అటక మీద పెట్టారు. ఇప్పటికీ అవి కొత్తవిలా నిగనిగలాడుతూ లక్షల కాపీలు ఉన్నాయి. అందరి దగ్గరా ఉన్నదాన్ని ఎవరు కొంటారు? ఆ వేడి చల్లారేసరికి అక్కడ ఎన్నో కామిక్స్ అంగళ్లు మూతపడ్డాయి. 1996 డిసెంబరుకల్లా మార్వెల్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. ఇవన్నీ నేను తీరిగ్గా చదివింది ఈ నెలలోనే. బీరువా చేయించక ముందు చదివి ఉంటే ఆ టేకు డబ్బులన్నా మిగిలేవి.

మన సంగతికి వస్తాను. చందమామ 1947 జులైలో తెలుగు, తమిళం రెండింటిలో ఒకేసారి మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి పెట్టిన పత్రిక. మన ఇళ్లలో చదివాక ఏం చేసేవాళ్లం? సగం కాగితాల అంగడికి, అక్కణ్ణుంచి శెనక్కాయల పొట్లాలకు. మిగతా సగం, ఆ పత్రిక మీద ప్రాణం ఉన్నవాళ్లు, పన్నెండు నెలలవీ కలిపి బైండింగు చేయించేవాళ్లు. మా నాయన కూడా చేసేవాడు. బైండింగులో అంచులు సమంగా రావాలని కత్తితో మూడు వైపులా కోసేస్తారు. కొన్నిచోట్ల అట్టలు తీసేసి లోపలి పేజీలే కుడతారు. చదువుకోవడానికి అంతకంటే సుఖం లేదు. పెట్టుబడి అని వెతికేవాళ్లకు మాత్రం అది పనికిరాదు. వాళ్లకు విడి సంచిక కావాలి, అట్ట ఉండాలి, పిన్ను తుప్పు పట్టకూడదు, అట్ట మీది వడ్డాది పాపయ్య గారి బొమ్మ రంగు వెలవకూడదు. అంటే ప్రేమగా చూసుకున్న ఇంట్లోని పుస్తకం కంటే, ఎవరూ తెరవని ఇంట్లోని పుస్తకానికే ఎక్కువ రేటు. ఈ వ్యాపారంలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

ఇక్కడ నా తప్పు ఒకటి స్పష్టంగా చెప్పాలి. పురాణాలు, చరిత్ర బొమ్మల కథలుగా వేసే అమర్ చిత్ర కథ పుస్తకాలు పదకొండింటిని ‘మొదటి ముద్రణ’ అని అమ్మాను. అవి కావు. లోపల 1971 అనో 1974 అనో కాపీరైటు సంవత్సరం ఉంటే అదే అచ్చయిన ఏడాది అనుకున్నాను. తర్వాత ఎన్నిసార్లు అచ్చు వేసినా ఆ మొదటి ఏడాది అలాగే ఉండిపోవచ్చని తెలియలేదు. ధర చూడాలి, వెనక అట్ట మీద ఇచ్చిన పుస్తకాల జాబితా చూడాలి. ఆ ఏడాదికి ఇంకా పుట్టని పుస్తకం పేరు ఆ జాబితాలో ఉంటే అది తర్వాతి ముద్రణే. ఇంకో చిత్రం. ఆ వరసలో కృష్ణుడి కథకు నంబరు 11. మొదటి పది సిండ్రెల్లా లాంటి విదేశీ కథలు, కన్నడంలో వచ్చాయి. ఇది తెలియక ‘ఒకటో నంబరు కృష్ణ ఎక్కడ’ అని నేనే రెండేళ్లు వెతికాను.

ఆ పదకొండు కొన్నవాళ్లలో ఏడుగురి ఫోన్ నంబర్లు నా దగ్గర ఉన్నాయి, మాట్లాడాను. అయిదుగురు పుస్తకం ఇచ్చి డబ్బు తీసుకున్నారు. ఇద్దరు “పిల్లలు చదువుతా ఉండారు, ఉండనీలే” అన్నారు. మిగతా నలుగురు ఇది చదివితే బిల్లు లేకపోయినా పర్వాలేదు, పుస్తకం తెస్తే చాలు. వెనక పేజీలో పెన్సిలుతో మా అంగడి గుర్తు ఉంటుంది.

రాబడి సంగతి. నా ఖాతా పుస్తకంలో అన్నిటికంటే మంచి బేరం ఏదని వెతికాను. 2010లో 500 పెట్టి కొన్న ఒక చందమామల కట్ట 2024లో 1,500కు పోయింది. మూడింతలు! చెప్పుకోవడానికి బ్రహ్మాండంగా ఉంది. పద్నాలుగేళ్లకు లెక్క కడితే ఏడాదికి ఎనిమిది శాతం. ఆ రోజుల్లో బ్యాంకు ఫిక్సెడ్ డిపాజిట్టే అంతకు అటూ ఇటూగా ఇచ్చేది. దానికి చెదలు పట్టవు, వానొస్తే ఎత్తి పైన పెట్టాల్సిన పనీ లేదు. ఇది నాది, అంటే చవగ్గా కొని రేటుకు అమ్మేవాడిది. మీరు నా దగ్గర రేటుకు కొని, తిరిగి నాకే అమ్మాలి. అమ్మే ధరలో మూడో వంతుకు మించి పెట్టి నేను కొనలేను. ఒక్కో పుస్తకం రెండు మూడేళ్లు అంగట్లోనే కూర్చుంటుంది, అద్దె మాత్రం నెలనెలా నడుస్తుంది. కాబట్టి మీరు కొన్న నిమిషంలోనే మూడింట రెండు వంతులు పోయినట్టు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

వాన అన్నాను కదా. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు మా అంగట్లో మోకాలి లోతు నీళ్లు. ఊరి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊరంతా టెన్షన్ పడుతున్న ఆ రోజుల్లో నేను నడుముకు పంచె బిగించి పుస్తకాలు మేడ మీదికి మోస్తున్నాను. కింది రెండు అరలు పోయాయి. మూడు వందలకు పైనే. ఇన్సూరెన్సు చేయించలేదు. తడిసినవి ఆరేసినా పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి అప్పడాల కట్టల్లా అయ్యాయి. నీళ్లు రాకపోయినా మన ఎండ ఉండనే ఉంది. ఆ పాత న్యూస్‌ప్రింటులో యాసిడ్ ఉంటుంది, వేడికీ తేమకూ అదే కాగితాన్ని లోపల్నుంచి తినేస్తుంది. మే నెలలో మూసిన అంగట్లో బీరువాలో చెయ్యి పెడితే తెలుస్తుంది, ఆ అద్దాల మధ్య పుస్తకాలను ఆవిరి పట్టించినట్టే.

నేను చేసిన ఇంకో ఘనకార్యం, చిరిగినవాటికి సెల్లోటేపు వేయడం. కొన్నిటికి అట్ట లామినేషన్ చేయించాను, మెరుస్తుందని. టేపు పసుపుపచ్చగా మారి మరక పడుతుంది, లామినేషన్ మళ్లీ ఊడదు. మా దగ్గర కొన్నవి మామూలు ప్లాస్టిక్ కవర్లలో ఉంటే వాటినీ తీసేయండి, రంగు కవరుకు అంటుకుంటుంది. పాలిస్టర్ కవరు, వెనక యాసిడ్ లేని అట్ట ముక్క పెట్టుకుంటే మేలు. నేను తెప్పించాను, అసలు ధరకే ఇస్తాను. పడుకోబెట్టి దొంతర వేయకండి, నిలబెట్టి పెట్టండి, కింది అరలో మాత్రం వద్దు.

అసలు కొనేవాళ్లు ఎవరని కూడా చూశాను. నలభై అయిదు నుంచి అరవై అయిదు మధ్య మగవాళ్లు, దాదాపు అందరూ. తిరుత్తణి, వేలూరు నుంచి కొండకు వచ్చి, దర్శనం అయ్యాక మా అంగడికి దిగే తమిళం వాళ్లు మరీ గట్టివాళ్లు. 1972లో శివకాశిలో మొదలైన తమిళ బొమ్మల కథలు, ముత్తు కామిక్స్ కోసం వస్తారు. బేరం ఆడరు, కళ్లు తుడుచుకుంటారు. వాళ్లు కొంటున్నది తొమ్మిదో ఏట వేసవి సెలవుల్ని. వాళ్లకు అది వెయ్యి అయినా చవకే. వాళ్ల పిల్లలు బయట చెప్పుల దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉంటారు. ఇరవై ఏళ్ల తర్వాత నా దగ్గరికి వచ్చి ఆ వెయ్యి ఎవరిస్తారు? ఆ పిల్లలు మాత్రం ఇవ్వరు. సూపర్‌మ్యానుకు సినిమాలు వస్తూనే ఉంటాయి, ప్రపంచం అంతా గిరాకీ. మన చందమామ కథల్లోని తోకచుక్కలకూ మాంత్రికులకూ తెలుగు చదవడం వచ్చినవాళ్లే గిరాకీ.

ఆ ఇంజినీరింగు పాప నాన్నకు మరుసటి రోజు 9,400 ఇచ్చేశాను. దానం కాదు, మాట నాది. అందరికీ అలా ఇచ్చేంత డబ్బు నా దగ్గర లేదన్నది కూడా నిజమే. కాబట్టి ఇలా అనుకున్నాను. నేను ‘పెరుగుతుంది’ అని చెప్పి అమ్మినవి, బిల్లు ఉన్నవి, నెలకు ముగ్గురి చొప్పున అసలు ధరకే వెనక్కి తీసుకుంటాను. చదువులు, ఆసుపత్రి ఖర్చులు ఉన్నవాళ్లు ముందు. తొందర లేనివాళ్లు కొంచెం ఓపిక పట్టండి. ఇక మీదట ప్రతి బిల్లు మీదా ఏ ముద్రణో, ఏ పేజీ లేదో, ఎక్కడ టేపు ఉందో రాస్తాను. ఈ పుస్తకాన్ని రేపే తిరిగి తెస్తే నేను ఎంత ఇస్తానో కూడా అక్కడే రాస్తాను. ఆ అంకె చూసి కొనబుద్ధి కాకపోతే నాకేం కోపం రాదు.

బీరువా వచ్చే ఆదివారం అమ్మేస్తున్నాను. బైరాగిపట్టెడలో మిఠాయి అంగడాయన అడిగాడు, మైసూరుపాకు పెట్టుకుంటాడట. కామిక్స్ మళ్లీ మూల కుప్పలోకి వస్తాయి. కొంచెం అరుదైనవి యాభై నుంచి రెండు వందల లోపు, మిగతావి ఇరవై.

మా నాయన బైండు చేయించిన చందమామలు నాలుగు సంపుటాలు వరదలో పోకుండా మిగిలాయి. వాటిని చాలామంది అడిగారు. అమ్మను, కానీ అంగట్లోనే కిటికీ దగ్గర బల్ల మీద పెడుతున్నాను, ఎవరైనా కూర్చుని చదువుకోవచ్చు. ఒకదాంట్లో బేతాళుడికి ఎవరో నీలం పెన్నుతో మీసాలు గీశారు. అది నేనే. సాయంత్రం ఆరు తర్వాత ఆ కిటికీ దగ్గర లైటు బాగుండదు, కొంచెం ముందు రండి.