కుడి మలుపులో తోక తిప్పే బండి

విశాఖపట్నం
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

నీ ఫోన్ వచ్చినప్పుడు హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నాను, సరిగ్గా మాట్లాడలేకపోయాను. "కొత్త రిమోట్ కారు మలుపులో తోక తిప్పేస్తోంది, వెనక టైర్లు జారి గిరుక్కున తిరిగిపోతోంది, వెనక స్ప్రింగులు మార్చేయనా?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేశావు. దానికి ఫోన్లో జవాబు చెప్పడం నావల్ల కాదు. ఇన్నాళ్ళూ నేను పడ్డ తిప్పలన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి. అందుకే భోజనం చేసి, బండిని బల్ల మీద పెట్టుకుని రాయడానికి కూర్చున్నాను. నువ్వు కూడా బండి పక్కన పెట్టుకుని చదువు.

ముందు ఒకటి చెప్తాను. స్ప్రింగులు కొనకు. ఇప్పుడే కొనకు.

మేం బండ్లు తిప్పే చోటు నువ్వు చూడలేదు కదా. మధురవాడ దాటి భీమిలి వైపు వెళ్తే ఒక లేఅవుట్ ఉంది. సీసీ రోడ్లు వేసేశారు, ఇళ్ళు మాత్రం ఇంకా లేవు. వాచ్‌మన్ తాతని అడిగి ప్రతి ఆదివారం పొద్దున్నే ఆరింటికి వెళ్తాం. మొదట్లో ముగ్గుపిండితో ట్రాక్ గీసేవాళ్ళం. ఆ పిండి టైర్లకి అంటుకుని, గీత తాకిన ప్రతిసారీ బండి జారిపోయేది. ఇప్పుడు పాత నీళ్ళ పైపు ముక్కలు పరుస్తున్నాం. పదకొండు దాటాక సముద్రం గాలి మొదలవుతుంది, దానితోపాటే సన్నటి ఇసుక. పొద్దున్న పట్టు ఉన్న రోడ్డే మధ్యాహ్నానికి పిండి చల్లిన పీటలా అయిపోతుంది. ఈ రోడ్డు గురించి ఇంత ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసిన మొదటి తప్పు దీన్ని పట్టించుకోకపోవడమే.

బండి కొన్న వారంలోనే విదేశీ రేసర్ల సెటప్ షీట్ ఒకటి దొరికింది. ఎంత గట్టి స్ప్రింగు, షాక్ అబ్జార్బర్లలో ఏ ఆయిల్, ఎన్ని డిగ్రీల కాంబర్ (చక్రం నిలువుగా కాక ఎంత వాలి ఉండాలో అది), అన్నీ అంకెలతో సహా ఉన్నాయి. అచ్చం అలాగే దింపేశాను. రైడ్ హైట్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు, 5 మిల్లీమీటర్లు, స్ప్రింగులు గట్టివి. తర్వాత తెలిసింది, అది కార్పెట్ పరిచిన ఇండోర్ ట్రాక్‌కి రాసిన షీట్ అని. కార్పెట్ మీద పట్టు ఎక్కువ. అక్కడ స్ప్రింగు మెత్తగా ఉంటే బండి ఒరిగి పల్టీ కొడుతుంది, అందుకే గట్టివి వేస్తారు. మన సిమెంటు మీద కథ తిరగబడుతుంది. మలుపులో బండి కాస్త ఒరగాలి. అప్పుడే బయటి టైరు మీదికి బరువు నెమ్మదిగా వచ్చి టైరు రోడ్డుని పట్టుకుంటుంది. స్ప్రింగు మరీ గట్టిగా ఉంటే ఆ బరువు ఒక్కసారిగా మీద పడి టైరు జారుతుంది. పైగా మన రోడ్డుకి ప్రతి నాలుగు మీటర్లకీ ఒక జాయింటు. 5 మిల్లీమీటర్ల ఎత్తులో నా బండి అడుగు ప్రతి జాయింటుకీ గీసుకుపోయేది. ఇప్పుడు 6 పెట్టాను, బ్యాటరీ బండిలో ఉండగా కొలిచి. ఖాళీ బండిని కొలిస్తే లెక్క తప్పుతుంది, అది గుర్తుపెట్టుకో.

ఇక తోక తిప్పడం సంగతి. నా బండి కుడి మలుపుల్లో మాత్రమే తిరిగిపోయేది. ఎడమ మలుపుల్లో బంగారం. నేనేమో ఈ తేడాని పట్టించుకోకుండా "వెనక పట్టు లేదు" అని తేల్చేసుకున్నాను. వెనక టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కోణం) 3 డిగ్రీలు చేశాను. ముందు స్ప్రింగులు ఇంకా గట్టివి వేశాను. వెనక ఆయిల్ పలచన చేశాను. మూడు ఆదివారాలు ఇదే పని. చివరికి ఎడమకి తిప్పితే బండి తిరగనని మొండికేసి తిన్నగా పోయేది, కుడికి తిప్పితే మళ్ళీ తోకే. ఏ మార్పు వల్ల ఏమైందో చెప్పలేని స్థితికి వచ్చేశాను. ఆ రాత్రి నిజంగా ఏడుపొచ్చింది రా. నిద్ర పట్టలేదు.

గాజువాకలో మా బావకి టూవీలర్ షెడ్డు ఉంది కదా. మర్నాడు సాయంత్రం బండి అక్కడికి పట్టుకెళ్ళాను. ఆయనకి రిమోట్ కార్ల గురించి ఏమీ తెలియదు. కానీ ఇరవై ఏళ్ళుగా బైకుల ఫోర్కులు విప్పుతున్న చెయ్యి అది. బండిని బల్ల మీద పెట్టి, వెనక భాగాన్ని అరచేత్తో మెల్లగా నొక్కి వదిలాడు. మళ్ళీ నొక్కి వదిలాడు. "ఒరేయ్, ఎడమది పూర్తిగా లేవట్లేదు, చూడు" అన్నాడు. వంగి చూస్తే నిజమే. కుడి వైపు టక్కున లేస్తోంది, ఎడమ వైపు సగంలో ఆగి, తర్వాత జారుతోంది. షాక్ విప్పి రాడ్ వేలితో నొక్కితే గరగరమంది. ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) దగ్గర ఇసుక రేణువు ఇరుక్కుంది. రాడ్ మీద సన్నటి గీత కూడా పెట్టేసింది.

ఇప్పుడు ఆలోచించు. కుడికి తిరిగితే బరువు ఎడమ టైర్ల మీదికి వెళ్తుంది. అక్కడి వెనక షాక్ బిగిసిపోయి ఉంది, బలం పెరిగాక ఒక్కసారిగా కదులుతుంది. టైరు జారక ఏం చేస్తుంది? నేను మార్చిన స్ప్రింగులకీ టోకీ దీనితో సంబంధమే లేదు. కొత్త రాడ్, కొత్త ఓ-రింగ్ వేసి, మిగతావన్నీ వెనక్కి మార్చేసి, కిట్ పుస్తకంలో ఉన్న సెటప్‌కి తెచ్చాను. తర్వాతి ఆదివారం కుడి మలుపు ఎడమ మలుపులాగే వచ్చింది. పైపు ముక్కల పక్కన నిలబడి గట్టిగా అరిచేశాను.

అందుకే నిన్ను ముందు అడుగుతున్నాను: నీ బండి రెండు వైపులా తిరిగిపోతోందా, ఒక వైపేనా? ఒక వైపే అయితే అది ట్యూనింగ్ సమస్య కాదు, ఎక్కడో ఏదో పట్టేసింది లేదా వంకరపోయింది. చాసిస్ (బండి అడుగు చట్రం) వంకర చూడ్డానికి సులువైన పద్ధతి ఉంది. సమంగా ఉన్న చోట బండి పెట్టి, ముందు భాగం సరిగ్గా మధ్యలో స్క్రూడ్రైవర్ మొన పెట్టి మెల్లగా ఎత్తు. రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేవాలి. ఒకటి ముందు లేస్తే వంకర ఉన్నట్టు. వెనక కూడా అలాగే చూడు. సమమైన చోటు కోసం డబ్బు పెట్టి సెటప్ బోర్డు కొనక్కర్లేదు, గ్రానైట్ షాపులో వంటగట్టు కోసి మిగిల్చిన ముక్క అడుగు. నాకు మా వీధి షాపతను ఊరికే ఇచ్చాడు. ట్రాన్స్‌మీటర్‌లో ఎడమకీ కుడికీ చక్రాలు సమానంగా తిరుగుతున్నాయో లేదో కూడా చూడు. ఎండ్ పాయింట్, అంటే చక్రాలు ఎంతదాకా తిరగాలో అందులో పెట్టే హద్దు, తేడాగా ఉన్నా ఒక వైపే తిరిగిపోతుంది.

రెండు వైపులా తిరిగిపోతుంటే, అప్పుడు మలుపులో ఎక్కడ తిరిగిపోతోందో చూడాలి. నేను వీడియో తీసి నెమ్మదిగా ఆడించి చూస్తాను. థ్రాటిల్ వదిలి మలుపులోకి దిగేటప్పుడా, మలుపు మధ్యలోనా, బయటికొస్తూ థ్రాటిల్ ఇచ్చినప్పుడా? మూడింటికీ మందు వేరు.

దిగేటప్పుడైతే నేను ముందు అనుమానించేది వెనక డ్రూప్‌ని. డ్రూప్ అంటే బండిని పైకెత్తినప్పుడు చక్రం నేల వదలకముందు చాసిస్ ఎంత లేస్తుందో అది. వెనక డ్రూప్ ఎక్కువుంటే థ్రాటిల్ వదలగానే తోక పైకి లేచి, బరువంతా ముక్కు మీదికి పోతుంది. ముందు టైర్లు గట్టిగా కొరుకుతాయి, వెనకవి తేలిపోతాయి. డ్రూప్ సరిచేసే స్క్రూ అర తిప్పు తిప్పి తగ్గించి చూడు, తేడా వెంటనే తెలుస్తుంది. బయటికొచ్చేటప్పుడు తిరిగిపోతుంటే దీనికి ఎదురు దారి: ముందు డ్రూప్ కాస్త పెంచు. థ్రాటిల్ ఇచ్చినప్పుడు ముక్కు లేచి బరువు వెనక్కి వస్తుంది. వెనక స్ప్రింగు మెత్తబరిచినా ఇక్కడ ఉపయోగమే. మధ్యలో తిరిగిపోతే యాంటీ రోల్ బార్ చూడు. వెనక బార్ సన్నది వెయ్యి, లేదా తీసేసి ఒక బ్యాటరీ నడిపి చూడు. ఆ బార్ ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ ముడిపెడుతుంది. మన జాయింట్ల రోడ్డు మీద ఒక చక్రం ఎగిరితే రెండోదాన్ని కూడా కదిలిస్తుంది. నేనైతే వెనక బార్ తీసేశాను, మళ్ళీ పెట్టే ఆలోచన లేదు.

కాంబర్ గురించి ఎక్కువ ఆలోచించకు. నాలుగు చక్రాలకీ లోపలికి ఒకటిన్నర, రెండు డిగ్రీలు పెట్టి, రెండు బ్యాటరీలు నడిపాక టైరు చూడు. లోపలి అంచు మాత్రమే అరిగితే తగ్గించు, బయటి అంచు అరిగితే పెంచు. కాంబర్ సరిచేసే కడ్డీకి, అదే టర్న్‌బకిల్‌కి, ఒక వైపు ఎడమ మర, ఇంకో వైపు కుడి మర ఉంటాయి కాబట్టి విప్పక్కర్లేదు, రెంచితో తిప్పితే పొడవు మారుతుంది.

నీకు అసలు ఖర్చు పెట్టాల్సింది షాకుల మీద. నువ్వు పంపిన ఫొటోలో చూశాను, నీ కిట్‌తో వచ్చినవి ఆయిల్ లేని ప్లాస్టిక్ షాకులు. అవి రాపిడితోనే పని చేస్తాయి కాబట్టి నాలుగూ నాలుగు రకాలుగా ఉంటాయి. ఆయిల్ షాకుల సెట్ కొను. 1984లో అసోసియేటెడ్ కంపెనీ వాళ్ళ ఆర్‌సీ10 అనే రిమోట్ కారు అల్యూమినియం చాసిస్, ఆయిల్ షాకులతో వచ్చింది. అంత పాత విషయం ఇది, ఇంకా ప్లాస్టిక్ వాటితో కుస్తీ పట్టక్కర్లేదు.

షాక్ కట్టడం మాత్రం తొందరపడే పని కాదు రా. నేను శనివారం రాత్రి చేస్తాను, ఇంట్లో అందరూ పడుకున్నాక. సిలికాన్ ఆయిల్ అంచు దాకా పోసి, పిస్టన్‌ని చాలా నెమ్మదిగా కిందికీ పైకీ ఆడించాలి. బుడగలు సన్నగా పైకి వస్తాయి. పది నిమిషాలు నిలబెట్టి వదిలేయాలి. తర్వాత రబ్బరు బ్లాడర్, మూత. రాడ్ పూర్తిగా లోపలికి నొక్కి వదిలితే ఎంత బయటికి వస్తుందో చూసి, ఎడమా కుడీ ఒకేలా ఉండేదాకా మళ్ళీ విప్పి సరిచేస్తాను. పొడవు కూడా క్యాలిపర్‌తో కొలిచి సమం చేస్తాను. నాలుగింటికీ గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర నాకు గుడిలో కూర్చున్నట్టు ఉంటుంది.

ఆయిల్ డబ్బా మీద 'వెయిట్' అంకె చూసి మోసపోకు, ఒక్కో కంపెనీ అంకె ఒక్కోలా ఉంటుంది. సీఎస్‌టీ (సెంటీస్టోక్స్, ఆయిల్ చిక్కదనం కొలత) అంకె చూడు. 30 వెయిట్ అంటే దాదాపు 350 సీఎస్‌టీ. నేను జనవరి పొద్దుల్లో 400 వేస్తాను, మే నెలలో 500. ఎండకి ఆయిల్ పలచబడుతుంది, బండి పడవలా ఊగుతుంది. ఇంకా మా బావ చెప్పిన మాట ఒకటి: "నూనె పలచనైతే ఊగుద్ది, పిస్టన్ బొక్క చిన్నదైతే గతుక్కి తన్నుద్ది." అక్షరాలా నిజం. జాయింటు తగిలినప్పుడు ఆయిల్ ఆ చిన్న రంధ్రంలోంచి వెళ్ళలేక షాక్ ఒక్క క్షణం కర్రలా అయిపోతుంది, బండి ఎగురుతుంది. అందుకే పెద్ద రంధ్రాల పిస్టన్ వేసి ఆయిల్ చిక్కగా పోశాను. మలుపులో అదే నిదానం, జాయింట్ల మీద ఎగరడం మాత్రం పోయింది. ఈ ఒక్క మార్పుకి నా ల్యాప్ 14.8 సెకన్ల నుంచి 14.3కి వచ్చింది.

ఏది మార్చినా ఒక్కటే మార్చు, ఐదు ల్యాపులు టైమ్ తీసుకో, పుస్తకంలో రాయి, అప్పుడే రెండోది. బ్యాటరీ కూడా ప్రతిసారీ నిండుగా ఛార్జ్ చేసిందే పెట్టు, టూ సెల్ లిపో (లిథియం పాలిమర్) అయితే 8.4 వోల్టులు. సగం బ్యాటరీతో నెమ్మదిగా పోయే బండి ఎప్పుడూ బుద్ధిగానే ఉన్నట్టు కనబడుతుంది. టైర్లు తడిగుడ్డతో తుడవకుండా ఏ పరీక్షా చెయ్యకు. ఇక్కడ నాకు ఇంకో పని కూడా ఉంది, ఇంటికి రాగానే బేరింగులూ స్క్రూలూ తుడిచి ఆయిల్ రాయాలి. ఉప్పు గాలికి వారంలో తుప్పు పడతాయి. నీకు హైదరాబాద్‌లో ఆ బాధ లేదు.

మొన్న ఆదివారం ఒక కుర్రాడు తన బండి తీసుకొచ్చి ఎర్రమట్టి దిబ్బల దగ్గర తిప్పుదాం, మట్టిలో మజాగా ఉంటుంది అన్నాడు. వద్దన్నాను. వేల ఏళ్ళుగా గాలీ నీరూ చెక్కిన దిబ్బలవి, వాటి మీద చక్రం పెట్టకూడదు. మట్టిలో తిప్పాలనుంటే వేరే చోటు వెతుకుదామని చెప్పాను. వాడు ఒప్పుకున్నాడు, సంతోషం వేసింది.

సంక్రాంతికి వస్తానన్నావు కదా, బండి కూడా తీసుకురా. పొద్దున్న లేఅవుట్‌లో తిప్పుదాం, సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తిందాం. రాకముందు మాత్రం ఆ స్క్రూడ్రైవర్ పరీక్ష చేసి, ఏ చక్రం ముందు లేచిందో నాకు మెసేజ్ పెట్టు. ఇంకా ఆ హాబీ షాపు మీ ఇంటి దగ్గరే అన్నావు, నాకు 450 సీఎస్‌టీ ఆయిల్ ఒక డబ్బా, అర మిల్లీమీటర్ షిమ్‌లు (పలచటి వాషర్లు) ఒక ప్యాకెట్ పట్టుకురా. డబ్బులు ఇక్కడ ఇస్తాను.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
పాలిటెక్నిక్ చివరి బెంచీ నేస్తం