మంత్రి గారూ, మా తెల్లపొడి సైజు ఎంతో చూడాలండీ

విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. నానోటెక్నాలజీ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ పేరు మాత్రం రాయను, రాస్తే ప్రాక్టికల్ మార్కులకి ఎసరు. మా నాన్నకి నానో అంటే 2021లో వచ్చిన నానో యూరియా సీసాయే, "అది మీరే చేస్తార్రా?" అని అడుగుతుంటాడు.

మా ప్రాజెక్టు రైస్‌మిల్లు ఊక బూడిద మీద. మీరు మా వైపు వచ్చి ఉంటే చూసే ఉంటారు, మిల్లు గొట్టంలోంచి ఎగిరొచ్చి డాబా మీద ఆరేసిన బట్టల మీదా, బండి మీద పోయేవాళ్ల కళ్లలోనూ పడేది అదే. బాగా కాలిన బూడిదలో నూటికి 85 పాళ్ల పైనే సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. దాన్ని కాస్టిక్ సోడా నీళ్లలో మరిగించి, వడగట్టి, ఆ తేటలో యాసిడ్ చుక్కచుక్కగా వేస్తుంటే చాలాసేపు ఏమీ అవదు, ఇక పోయిందిలే అనుకునేసరికి బీకరంతా గంజిలా చిక్కబడుతుంది. కడిగి ఆరబెట్టి నూరితే ముగ్గుపిండిలాంటి తెల్లపొడి.

చిక్కంతా ఇక్కడే. నానో అనాలంటే రేణువు 100 నానోమీటర్ల లోపుండాలి. తల వెంట్రుక మందమే సుమారు 80 వేలు. కంటికి కనిపించే వెలుగు తరంగం 400 నానోమీటర్ల దగ్గర మొదలవుతుంది కాబట్టి మా ల్యాబ్‌లో ఉన్న మామూలు మైక్రోస్కోపుకి ఇంత సన్నటివి విడివిడిగా చిక్కవు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. దాని బొమ్మ పరీక్షల్లో మూడుసార్లు గీశాను, మిషన్‌ని మాత్రం కాలేజీలో ఒక్కసారీ చూడలేదు.

వేరే సంస్థల ల్యాబ్ మిషన్లని బుక్ చేసుకునే కేంద్రం వెబ్‌సైటు ఐ-స్టెమ్ ఉందిగా, అందులో బుక్ చేసుకోవచ్చుగా అంటారేమో, బుకింగ్ ఇంట్లో కూర్చునే చేస్తాం, మిషన్ ఉండేది ఎక్కడో కదండీ. ముగ్గురం డబ్బులేసుకుని నైట్ బస్సులో హైదరాబాద్ వెళ్లాం. ఫొటోల్లో రేణువులన్నీ చలిమిడి ముద్దలా అంటుకుపోయి ఉన్నాయి. తప్పు మాదే, ఆరబెట్టడంలో తొందరపడ్డాం. మిషన్ దగ్గర్లో ఉంటే మర్నాడే సరిచేసుకుని మళ్లీ చూసుకునేవాళ్లం. భీమవరం వైపు ఫ్రెండ్స్ రొయ్య పొట్టులోంచి కైటోసాన్ అనే పదార్థం తీసి నానో రేణువులు చేస్తున్నారు, వాళ్లదీ ఇదే గోల.

నానో పరిశోధనల కోసం కేంద్రం 'నానో మిషన్' అనే పథకం మొదలుపెట్టింది 2007లో, అప్పటికి నాకు మూడేళ్లు.

పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి చేరేంత దూరంలో, ఏ కాలేజీ పిల్లలైనా వెళ్లగలిగేలా ఒక్క మిషన్ పెట్టించండి, కాకినాడలోనో రాజమండ్రిలోనో మీ ఇష్టం. దాన్ని నడిపే మనిషి జీతం కూడా జీవోలోనే రాయించండి, లేకపోతే ప్రారంభోత్సవం రిబ్బన్ కట్ చేశాక గుడ్డ కప్పి గదికి తాళం వేసేస్తారు.

మా పొడి ఇంకా హార్లిక్స్ సీసాలోనే ఉంది. వచ్చే నెల వైవా, ఎక్స్‌టర్నల్ మొదట అడిగేది సైజే.