కోత లేదన్నారు సరే, ఎవరికి కుదురుతుందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో 'కోత లేకుండా పెద్దపేగు ఆపరేషన్' అని వేసిన వార్త చూసి మా వాడకట్టులో ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు, పొట్ట ముట్టుకోకుండానే గడ్డ తీసేస్తారా అని. నేను డాక్టర్‌ను కాదు, హనుమకొండలో మెడికల్ షాపు నడుపుతాను. వార్త తప్పని అనను, సగమే చెప్పారు అంటాను.

పొట్ట మీద చిన్న రంధ్రాలు ఎలాగూ పెడతారు. ఒక్కొక్కటి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు పైచిలుకు ఉంటుంది. గ్యాస్‌తో పొట్ట ఉబ్బించి, వాటిలోంచి కెమెరా, పనిముట్లు పంపి, రక్తనాళాలు మూసి, జబ్బున్న పేగు ముక్కను లోపలే కోస్తారు. మామూలు లాపరోస్కోపీలో అయితే ఆ ముక్కను బయటికి తీయడానికి నాలుగైదు సెంటీమీటర్ల కోత ఇంకొకటి కావాలి. మీరు రాసిన పద్ధతిలో తప్పేది ఆ ఒక్క కోతే, ముక్కను సంచిలో పెట్టి మలద్వారం గుండా, ఆడవాళ్లకైతే కొన్నిసార్లు యోని గుండా బయటికి తీస్తారు. ఆ ఒక్క కోతేగా అనుకోవద్దు, ఆపరేషన్ తర్వాత నొప్పి, చీము పట్టడం, కొన్నాళ్లకు హెర్నియా (కోత పెట్టిన చోట పేగు బయటికి ఉబ్బడం) రావడం చాలావరకు దానివల్లే, పొలం పనికీ హమాలీ పనికీ పోయేవాళ్లకు అది తప్పితే ఎంత మేలో చెప్పక్కర్లేదు.

కానీ లోపల పేగు కోసి అతికించడం మాత్రం అంతే పెద్ద పని. అతుకు లీకైతే ప్రాణం మీదికి వస్తుంది. పేగును పొట్ట లోపలే తెరుస్తారు కాబట్టి క్రిములు, కేన్సర్ కణాలు అక్కడ పడకుండా చూసుకోవాలి, అందుకు చేయి తిరిగిన సర్జన్ కావాలి. గడ్డ పెద్దదైనా, పేగు గోడ దాటినా, మనిషి మరీ లావున్నా ఆ దారిన ముక్క రాదు, అప్పుడు మామూలు కోతే. మీ వార్తలో ఈ మాట ఒక్కటీ లేదు.

శరీరానికి ఉన్న దారుల్లోంచే ఆపరేషన్ చేయడం మనవాళ్లకు తెలియనిదేం కాదు. హైదరాబాద్ ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డాక్టర్ జి.వి. రావు, డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి నోట్లోంచి ఎండోస్కోప్ (కెమెరా ఉన్న గొట్టం) పంపి, జీర్ణాశయం గోడ గుండా అపెండిక్స్ తీసి 20 ఏళ్లు దాటింది.

అసలు ఇబ్బంది వేరే ఉంది. మా షాపుకు వచ్చి 'మొలల గోలీలు ఇవ్వు' అని అడిగేవాళ్లలో ఎవరికి నిజంగా మొలలో, ఎవరికి లోపల గడ్డో ఎవరు చూశారు? మా మేనమామది పరకాల దగ్గర ఊరు, విరేచనంలో రక్తం పడుతోందని పోతే ఒక క్లినిక్ వాళ్లు పరీక్ష కూడా చేయకుండా మొలలే అని పొడి ఇచ్చి పంపారు, నెలల తర్వాత కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా పంపి పెద్దపేగు చూసే పరీక్ష) చేసేసరికి గడ్డ ముదిరిపోయింది, పొట్ట నిలువునా కోయాల్సి వచ్చింది, కొన్నాళ్లు మలం పడే సంచి పొట్టకు తగిలించుకొని తిరిగాడు. అలాంటి మనిషికి మీ కోత లేని ఆపరేషన్ వార్త ఎందుకు? సర్కారు తరఫున చేసే కేన్సర్ స్క్రీనింగ్ కూడా నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం వరకే, పెద్దపేగు అందులో లేనే లేదు.

అందుకే అడుగుతున్నా, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి, కాకతీయ మెడికల్ కాలేజీ సర్జన్లను కూర్చోబెట్టి ఒక పేజీ వేయండి. రక్తం పడితే ఎన్నాళ్లు ఆగొచ్చు, కొలనోస్కోపీ ఎక్కడ చేస్తారు, ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెంచారు కదా, పేగు అతికించే స్టేప్లర్ ఖర్చు అందులోకి వస్తుందా, లేక పేషెంటు వాళ్లే కట్టాలా? కేన్సర్ అయితే ముక్కతో పాటు పేగు చుట్టూ ఉండే లింఫ్ గ్రంథులు కనీసం 12 తీసి పరీక్షించాలంటారు, ఆ రిపోర్టు చేతికి అడిగి తీసుకోవాలని ఎంతమందికి తెలుసు? సర్జన్ ఇలాంటివి ఇంతకుముందు ఎన్ని చేశారని అడిగితే కోపం తెచ్చుకోవద్దని డాక్టర్లకు కూడా ఒక మాట రాయండి.

ఆ పేజీ వస్తే కత్తిరించి మా కౌంటర్ అద్దానికి అంటిస్తా. ఆదివారం మాత్రం వేయకండి, ఆ రోజు షాపు బంద్.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని,
హనుమకొండ